మేకపిల్ల రక్తమును మన బిడ్డల చదువును

ఆదికాండము 37వ అధ్యాయములో యోసేపు అన్నలు చేసిన పని మనమందరము ఎరిగినదే. తమ్ముని అమ్మివేసి, మేకపిల్లను చంపి, దాని రక్తములో అతని అంగీని ముంచి తండ్రియొద్దకు పంపిరి. ఇందులో ఒక సంగతిని మనము తరచుగా గమనింపక దాటిపోవుదుము. అంగీని చూపినప్పుడు యోసేపు చచ్చెనని వారు తండ్రితో చెప్పలేదు. ఇది మాకు దొరికెనని చెప్పి, నీ కుమారునిదో కాదో గురుతుపట్టుమని అడిగిరి. అంగీ యోసేపుదే, రక్తమును నిజమైన రక్తమే. దుష్టమృగము తినివేసెనను మాటను యాకోబే పలికెను. చచ్చెనను మాట తాము పలుకకయే ఆ వృద్ధుని ఎన్నో సంవత్సరములు దుఃఖములో ఉంచిరి.

ఆ రక్తము మనుష్యునిదో మేకదో చెప్పగలవారు ఆ కాలమున లేరు. తరువాత వేలయేండ్లవరకును లేరు. 1901లో జర్మనీ దేశపు వైద్యుడు పౌల్ ఊలెన్‌హూత్ దానికొక పరీక్ష కనుగొనెను. మనుష్య రక్తమును కుందేటికి సూదిమందువలె ఎక్కించి, కొన్నాళ్లకు ఆ కుందేటి రక్తరసమును తీసి ఉంచుదురు. బట్టమీది మరకను ఉప్పునీటిలో నానబెట్టి, ఆ నీటిని ఈ రసముతో కలిపినయెడల, అది మనుష్య రక్తమైతే తెల్లని మడ్డి కట్టును, మేకదైతే కట్టదు. ఎండిపోయిన పాత మరకకును ఈ పరీక్ష పనిచేయును.

ఈ విద్యనే నేడు ఫోరెన్సిక్ సైన్సు అందురు. నేరము జరిగిన చోట దొరికిన రక్తము, వెండ్రుక, వ్రేలిముద్ర, విషము, తుపాకిగుండు, దొంగసంతకము, ఇప్పుడైతే సెల్‌ఫోను కూడ, వీటిని పరీక్షించి న్యాయస్థానమునకు తెలియజేయుటయే దీని పని. మన దేశము ఇందులో వెనుకబడినది కాదు. వ్రేలిముద్రల కార్యాలయము లోకములో మొట్టమొదట 1897లో కలకత్తాలో ఏర్పడెను. అక్కడ ముద్రలను వరుసపరచు పద్ధతిని తీర్చిన పనిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దరు మనవారు ముఖ్యులు. అయినను ఆ పద్ధతికి వారి పై అధికారియైన హెన్రీ దొరగారి పేరే నిలిచినది. హైదరాబాదులో రామంతాపూరునందు కేంద్ర ప్రభుత్వపు ప్రయోగశాల ఉన్నది. 1980ల చివరి యేండ్లలో అదే నగరమందలి సీసీఎంబీ పరిశోధనాలయములో లాల్జీ సింగ్ గారు డీఎన్ఏ పరీక్షా విధానమును మన దేశమునకు సమకూర్చిరి.

ఇంటరులో సైన్సు చదివిన మన పిల్లలు కొందరు ఈ చదువును గూర్చి అడుగుచున్నారు. అడుగుటకు కారణము లేకపోలేదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నూతన నేరవిచారణ చట్టము ప్రకారము, ఏడేండ్లుగాని అంతకు మించిగాని శిక్షపడదగిన నేరములన్నిటిలో ఫోరెన్సిక్ నిపుణుడు ఆ స్థలమునకు స్వయముగా వెళ్లవలెను. రాష్ట్రములు దీనిని అయిదేండ్లలోపల అమలుపరచవలెనని గడువుపెట్టిరి. కావున పనివారు కావలసియుందురు. గుజరాతులోని గాంధీనగరమున దీనికొరకే ఒక విశ్వవిద్యాలయమున్నది. 2020లో పార్లమెంటు దానిని జాతీయ సంస్థగా చేసెను. ఉస్మానియాలోను ఈ శాస్త్రమున ఎమ్మెస్సీ కలదు. శవపరీక్షలో నిపుణులు కాగోరువారు మాత్రము మొదట ఎంబీబీఎస్ చదివి, అటుపిమ్మట ఆ శాఖలో ఎండీ చేయవలెను. నా మట్టుకు నేను చెప్పునదేమనగా, రసాయనశాస్త్రముగాని జీవశాస్త్రముగాని గట్టిగా చదివి ఎమ్మెస్సీవరకు పోయినవాడు ఈ పనికిని రాగలడు, వేరు పనులకును పోగలడు. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలు ఏటేటా వచ్చునవి కావు. సినిమాలో చూపిన వేగమును చూపించి వేలకువేలు ఫీజు గుంజు కళాశాలలను నమ్మి పొలము తాకట్టుపెట్టకుడి.

కొందరు తలిదండ్రులకు వేరొక సందేహము. రక్తము, శవము, విషము, ఇవన్నియు ముట్టు పని మన బిడ్డకేలయని. ఈ మాట వెనుక మన పల్లెల పాత అలవాటొకటి దాగియున్నది. పీనుగును మోయుట, గొయ్యి త్రవ్వుట, చచ్చిన గొడ్డును లాగుట ఎవరి వంతునకు విడిచిపెట్టబడెనో, వారిని ఊరు ఎక్కడ ఉంచెనో మన సంఘములలో తెలియనివారు లేరు. అదే శవమును తెల్లకోటు తొడిగి పరీక్షించువానిని డాక్టరుగారందురు. ప్రక్కన నిలిచి కత్తిపట్టి కుట్లువేయువానిని పేరుపెట్టియైనను పిలువరు. ప్రభువు దేహమును అడిగి తీసికొని, తమ చేతులతో నారబట్టలు చుట్టినవారు న్యాయసభ సభ్యుడైన అరిమతయియ యోసేపును, యూదుల అధికారియైన నికొదేమును. పండుగ దినమున అపవిత్రులమగుదుమని వారు వెనుదీయలేదు. చేతికంటు మరకను గూర్చి నాకు భయములేదు.

నాకున్న భయము వేరు. అది మొదట చెప్పిన అంగీని గూర్చినదే.

ఇంగ్లండులో లెస్టరు పట్టణమునకు సమీపమున 1983లో ఒక బాలిక, 1986లో మరియొక బాలిక హత్యకు గురియైరి. పదునేడేండ్ల కుఱ్ఱవాడొకడు పట్టుబడి రెండవ హత్య నేనే చేసితినని ఒప్పుకొనెను. మొదటిదియు వీడే చేసియుండునని పోలీసులు తలంచి, 1984లో డీఎన్ఏ గురుతుల విధానము కనుగొన్న ఆలెక్ జెఫ్రీస్ గారియొద్దకు పోయి పరీక్షింపుమనిరి. రెండు హత్యలును చేసినవాడు ఒక్కడే, అయితే ఈ కుఱ్ఱవాడు కాడని పరీక్షలో తేలెను. తానే ఒప్పుకొన్నవాడు నిర్దోషిగా బయటికి వచ్చెను. తరువాత ఆ పల్లెలలో అయిదువేలమందికి పైబడి రక్తపరీక్ష చేయించిరి; అసలు దోషి తనకు బదులు స్నేహితుని పంపి తప్పించుకొనగా, ఆ సంగతి ఒక పానశాలలో నోరుజారి బయటపడెను. 1988లో అతనికి శిక్షపడెను. ఈ పరీక్ష నేరవిచారణలో అడుగుపెట్టిన మొదటి కేసులోనే, దోషిని పట్టుటకు ముందు ఒక నిర్దోషిని విడిపించినది. ఆనాడు పోలీసులు కోరిన జవాబును జెఫ్రీస్ గారు ఇయ్యలేదు.

అందరును అట్లు ఇయ్యరని చెప్పలేము. 2004లో స్పెయిను దేశపు మాద్రిదు నగరములో రైళ్లలో బాంబులు ప్రేలినప్పుడు, ఒక సంచిమీద దొరికిన వ్రేలిముద్ర అమెరికాలోని ఒక న్యాయవాదిదని ఆ దేశపు నిపుణులు రూఢిగా చెప్పిరి. అతనిని చెరలో ఉంచిరి. స్పెయిను పోలీసులు ఆ ముద్ర వేరొకనిదని చూపిన తరువాత విడిచిపెట్టి క్షమాపణ చెప్పిరి. ఆ నిపుణులు లంచము తినలేదు, పగబట్టలేదు. ఒకడు చెప్పినదానిని చూచి రెండవవాడు, ఇద్దరు చెప్పిరని మూడవవాడు అట్లే తలయూపిరి. ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెనని ద్వితీయోపదేశకాండము నియమించినది గదా. మొదటివాని కంటితోనే చూచినప్పుడు మూడవవాడును ఒక్క సాక్షియే.

మన చోటికి వత్తము. ఒక పాలేరు చొక్కామీద మరక దొరికినదనుకొనుడి. ప్రయోగశాల నివేదికలో “మనుష్య రక్తము, ఓ వర్గము” అని వ్రాసియుండును. చచ్చినవానిదియు ఓ వర్గమే. ఇది అక్షరాల నిజము. అయితే మన దేశములో ఇంచుమించు ప్రతి మువ్వురిలో ఒకరిది ఆ వర్గమే. ఆ పాలేరు రక్తమే అదే వర్గమై, కొడవలి తెగి కారినదై యుండవచ్చును. ఈ రెండవ మాట నివేదికలో లేకపోయినయెడల, చదివినవాడు యాకోబువలె తానే మిగిలినది పూర్తిచేసికొనును. ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు బోనెక్కకపోయినను అతని కాగితమును సాక్ష్యముగా తీసికొనవచ్చునని చట్టమున్నది. అతనిని పిలిపించి ప్రశ్నింపనిమ్మని న్యాయస్థానమును కోరు వీలు ముద్దాయికి ఉన్నను, బీదవాని తరపున ఆ పని ఎవరు చేయుదురు? కాగితము ఒంటరిగా పోయి మాటాడును. కాబట్టి తనకు తెలిసినదెంతో, అక్కడితో ఆగినదేదో, రెండును దానిమీదనే వ్రాయవలెను. దోషియే పట్టుబడినాడని లోకమంతయు కేకలువేయుచున్నను, “ఇంతకుమించి చెప్పలేము” అని వ్రాయగల చేయి కావలెను. పై అధికారి విసుగుకొనును, చచ్చినవాని బంధువులు శాపనార్థములు పెట్టుదురు. అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ బొంకువానికే గాని నిజమును సగముచేసి పంపువానికి తగులదా? నా అభిప్రాయము, తగులును. యోసేపు అన్నలకు తగిలినట్లే తగులును.

ఇట్టి జాగ్రత్త పుస్తకములలో లేకపోలేదు. పురుగులమందు త్రాగి చనిపోయిరను కేసులు మన పల్లెలకు క్రొత్తవి కావు. అప్పుడు శవపరీక్షచేయు డాక్టరు కడుపును, కాలేయములోను మూత్రపిండములోను కొంత భాగమును తీసి, చిక్కని ఉప్పునీటిలో సీసాలయందుంచి, లక్కముద్రవేసి ప్రయోగశాలకు పంపును. ఆ సీసాలతోకూడ మరియొక చిన్న సీసా పంపవలెనని నియమమున్నది. అందులో శరీర భాగమేదియు ఉండదు. తాను వాడిన ఉప్పునీరే కొంత విడిగా పోసి పంపును. ఆ ఉప్పులోనే ఏదైన విషము కలిసియున్నదేమో, చచ్చినవానికంటె ముందు దానిని పరీక్షించి చూచుకొనుడని.