అవిశ్వాసము దోషమా?

2020వ సంవత్సరమున అమెరికాలో కోవిడ్ ప్రబలినప్పుడు నల్లజాతివారు తమ జనసంఖ్యకు మించి మరణించిరి. ఆ యొక్క యేడాదిలోనే వారి సగటు ఆయుర్దాయము సుమారు 3 ఏండ్లు తగ్గెను. తెల్లవారికి తగ్గినది 2 ఏండ్లలోపే. ఇంత నష్టపడినవారే టీకా వచ్చినప్పుడు మొదట వెనుదీసిరి. తమ మేలు తామెరుగని మూఢులని చదువుకొన్నవారు కొందరు తేల్చివేసిరి. ఈ తీర్పు న్యాయమేనా?

మన నైయాయికులు శబ్దమును ప్రమాణముగా నంగీకరించుచు, అది ఆప్తుని మాటయై యుండవలెనని నియమించిరి. ఆప్తుడనగా విషయమును సరిగా నెరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమని వాత్స్యాయనుడు భాష్యమున వ్రాసెను. పాండిత్యమొక్కటి చాలదన్నమాట.

అలబామా రాష్ట్రమున మేకన్ కౌంటీలో 1932 మొదలు 1972 వరకు ప్రభుత్వ వైద్యులు చేసినదేమి? సవాయిరోగము గల 399 మంది నల్లజాతి పురుషులను, ఆ రోగము లేని 201 మందితో పోల్చి చూచుటకై, చికిత్స లేకయే కనిపెట్టుచుండిరి. చెడురక్తమునకు మందిచ్చుచున్నామని వారితో చెప్పిరి. 1947 నాటికి పెన్సిలిన్ ఆ రోగమునకు ప్రసిద్ధౌషధమైనను దానిని వారికి అందనీయలేదు. అంత్యక్రియల ఖర్చు భరింతుమని చెప్పి శవపరీక్షకు అనుమతి పొందిరి! రహస్యము పత్రికల కెక్కినగాని ఆ పరిశోధన ఆగలేదు. అధ్యక్షుడు క్లింటను క్షమాపణ చెప్పునప్పటికి 1997 వచ్చెను. ఆ వైద్యులకు కొరవడినది జ్ఞానము కాదు, ఎరిగినది చెప్పవలెనను ఇచ్ఛ. అట్టివారిని నమ్మకుండుట ప్రమాణవివేకమే.

అది పాతకథ యందురా? వ్రేలికి తగిలించి రక్తమునందలి ప్రాణవాయువును కొలుచు ఆక్సీమీటరును చూడుడు. ప్రమాదకరమైన కొరత తెల్లవారికంటె నల్లవారియందు దాదాపు మూడురెట్లు తరచుగా ఆ యంత్రమునకు మరుగుపడుచున్నదని 2020 డిసెంబరులో మిచిగన్ వైద్యులు ప్రకటించిరి. యంత్రమునకు ద్వేషము లేదు. అయినను ఊపిరాడుటలేదని రోగి మొరపెట్టుచుండగా, బాగుగనే యున్నావని అంకె చెప్పును. వైద్యుడు దేనిని నమ్మును? రోగి వైద్యుని నమ్మవలెనని బోధించువారు, వైద్యుడు రోగిని నమ్మవలెనని యేల యనరో!

టీకా మాత్రము నిజముగా ప్రాణరక్షకమే. దానిని నిరాకరించి మరణించినవారు గలరు. న్యాయమైన శంకయు ప్రాణము తీయగలదు; ఇందలి దుఃఖమిదియే. ఆ టీకా నిర్మాణమున పాల్గొన్న కిజ్మెకియా కార్బెట్ అను నల్లజాతి శాస్త్రజ్ఞురాలు జనుల సంకోచమును జిజ్ఞాసగా నెంచి, అడిగినవారికి సమాధానము చెప్పుచు వచ్చెను. చర్చిలలోను క్షౌరశాలలలోను తెలిసినవారి నడుమ టీకాలు వేయసాగిరి. 2021 చివరకు రెండు జాతుల నడుమ నంతరము చాలవరకు తగ్గెను. ఆక్సీమీటరు సంగతి అంత త్వరగా తెమలలేదు: దానిని పలువన్నెల చర్మములపై మరింత విరివిగా పరీక్షింపవలెనని అమెరికా ప్రభుత్వము 2025 జనవరిలో వెలువరించినది చిత్తుసూచన మాత్రమే.