ఆవము చెంత జాగరము



కుమ్మర గుండయ్య కథ వీరశైవుల ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దానిని చెప్పియున్నాడు. కుండలు చేసి బ్రదుకు ఆ భక్తుడు కుండనే వాద్యముగ చేసికొని వాయించుచు ఆడగా, ఆ మ్రోతకు పరవశుడై పరమశివుడు తానును ఆడెనట. కథ వినువారందరు శివుని ఆటయందు మనసు నిల్పుదురు. అది ఉచితమే. కాని ఆ కథలో ఇంకొక చిన్న సంగతి దాగియున్నది. మ్రోగినది కుండ. పచ్చికుండ మ్రోగదు. సగము కాలిన కుండ మూగవోయినట్లు పలుకును. బీటవారిన కుండది బొంగురు గొంతు. చక్కగ కాలిన కుండ మాత్రమే ఖంగుమనును. శివుని ఆడించిన ఆ మ్రోతకు వెనుక, ఆవము చెంత నిప్పును కనిపెట్టుకొని కూర్చున్న జాగరము ఒకటి ఉండితీరవలెను. పురాణము దానిని వేరుగ చెప్పలేదు. కుమ్మరి ఎవ్వడైనను దానిని ఎరుగును.

పూర్వము కుమ్మరి పుల్లలు, పిడకలు, ఊక చేర్చి కుండలను పేర్చి, పైన మన్ను మెత్తి నిప్పు పెట్టెడివాడు. పొగ రంగు మారినదా, సందులలో కనబడు ఎరుపు ఏ వన్నెకు వచ్చినది అని చూచి కాల్పు నిర్ణయించెడివాడు. కన్నే కొలమానము. నేడు గ్లేజు పూసిన గట్టి పాత్రలు చేయు కార్యశాలలలో విద్యుత్తుతో కాలు ఆవములు వచ్చినవి. లోపల ఇటుక గోడల గాడులలో ఇనుము, క్రోమియము, అల్యూమినియము కలిసిన లోహపు తీగచుట్టలుండును. వెలుపల ఒక చిన్న పెట్టె, దానిపై మెరయు అంకెలు. దానినే డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ అందురు. ఎంత వేడి కావలెనో, ఎంత మెల్లగ ఎక్కవలెనో మీటలు నొక్కి చెప్పినచో అది అట్లే నడపును. ఇక కుమ్మరి ఇంటికి పోయి సుఖముగ నిదురింపవచ్చునని తలచువారు పెక్కురు. అట్లైనచో ఒక ప్రశ్న పుట్టుచున్నది. మేలుకొను పని పెట్టె చేయునపుడు కుమ్మరికి మిగిలిన కాయకమేమి? శరణులు కాయకమును కూలికొఱకైన శ్రమగ గాక శివపూజగ ఎంచిరి. పూజను మరియొకనికి అప్పగించి పండుకొనవచ్చునా?

దీనికి ఉత్తరము కావలెనన్న ఆ పెట్టె ఏమి చేయుచున్నదో, ఏమి చేయలేదో తెలియవలెను.

ఆవపు గోడలోనుండి లోనికి ఒక కడ్డీ చొచ్చియుండును. దాని పేరు థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహపు తీగల కొసలను కలిపి అతికినచో, ఆ అతుకు వేడెక్కినపుడు తీగలలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. సీబెక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1821లో కనుగొన్న ధర్మమిది. సాధారణముగ వాడు కె రకపు థర్మోకపుల్‌లో 1000 డిగ్రీల వేడికి పుట్టునది ఒక వోల్టును వేయి భాగములు చేసిన అందులో 41 భాగములు మాత్రమే. ఆ అల్పమైన సంకేతమును పెట్టె చదివి అంకెగ చూపును. అంకెలు రెండు. ఒకటి ఇప్పుడున్న వేడి, రెండవది కావలసిన వేడి. ఈ రెంటి నడుమ కొదువ ఎంతయో చూచి తీగచుట్టలకు విద్యుత్తు నిచ్చుటయో ఆపుటయో చేయుటే దాని వృత్తి.

కొదువను చూచు పద్ధతి మాత్రము మెచ్చుకొనదగినది. ఇప్పుడు కొదువ ఎంత, ఇంతవరకు పోగుపడిన కొదువ ఎంత, అది ఎంత వేగముగ తరుగుచున్నది - ఈ మూటిని కలిపి చూచి అది నిర్ణయము చేయును. అనగా ఉన్నదానిని, కడచినదానిని, రానున్నదానిని ఏకకాలమున ఎంచుట. దీనిని పి.ఐ.డి. అందురు. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ అను ఇంజనీరు ఓడలను తమంతట తాము దారి తప్పక నడుచునట్లు చేయుటకై దీని లెక్కను వ్రాసెను. నేర్పరియైన చుక్కానివాడు చేయు పనిని గమనించి ఆ లెక్క కట్టెను. కావున ఈ పెట్టెలోని తెలివికి మూలము కూడ తెరపిలేక మేలుకొనియున్న ఒక పనివాని చేయియే. యంత్రమును నిందించుటకు ముందు ఈ మాట గుర్తుంచుకొనుట మంచిది.

అయితే ఆ పెట్టె ఎరిగిన లోకమంతయు ఒక్క తీగకొస మాత్రమే. కుండను అది ఎన్నడును చూడలేదు.

తొలికాల్పునకు పెట్టెలో వ్రాయు క్రమమును చూచిన ఇది స్పష్టమగును. ప్రతి మెట్టునకు మూడు అంకెలీయవలెను: గంటకు ఎన్ని డిగ్రీలు ఎక్కవలెను, ఎంతవరకు ఎక్కవలెను, అచట ఎంతసేపు నిలువవలెను. సాధారణపు మట్టిపాత్రలకు మొదట గంటకు 60 డిగ్రీల చొప్పున 90 వరకు ఎక్కించి, అచట 2 గంటలు నిలుపుదురు. మందపు పాత్రలైన రాత్రియంతయు నిలుపుట కలదు. ఏలయన, ఎండినట్లు కనబడు మట్టిలోను తేమ మిగిలియుండును. నీరు మరుగు 100 డిగ్రీలు దాటునప్పటికి అది లోపలనే ఉన్నచో ఆవిరియై పాత్రను పగులగొట్టును. పిమ్మట గంటకు 100 చొప్పున 600 వరకు పోనిత్తురు. ఈ మార్గమున మట్టి కణములలో కలిసియున్న నీరు విడిపోవును. 573 డిగ్రీల వద్ద మట్టిలోని స్ఫటికపు ఇసుక ఒక్కసారిగ ఉబ్బును. చల్లారునపుడు అదే చోట ముడుచుకొనును. ఆ ఘట్టమున తొందర పనికిరాదు. అటుపిమ్మట గంటకు 150 చొప్పున 1000 వరకు ఎక్కించి, 10 నిమిషములు నిలిపి, ఆవమును తనంతట తాను చల్లారనిత్తురు. ఎక్కుటకే దాదాపు 11 గంటలు పట్టును.

ఈ అంకెలన్నియు పెట్టె తప్పక పాటించును. కాని మొదటి మెట్టున 2 గంటలు చాలునా, 8 గంటలు కావలెనా అన్నది ఎవరు చెప్పవలెను? కుమ్మరి పాత్రను చేతికెత్తి తన చెక్కిలికి ఆనించి చూచును. చల్లగ తగిలినచో లోపల తేమ యున్నది. అడుగుభాగమున ఎంత మందము విడిచినది ఆతని వ్రేళ్లకే జ్ఞాపకముండును. ఆ చెక్కిలి పనిని ఏ తీగకొసయు చేయజాలదు. వానకాలమున ఒక క్రమము, వేసవిలో ఒక క్రమము ఏర్పరుచుకొనవలసినది ఆతడే.

ఇక విద్యుత్తు పోవుట తెలుగునాట వింతకాదు. 550 డిగ్రీల వద్ద కరెంటు పోయి గంటకు తిరిగి వచ్చినదనుకొనుడు. కొన్ని పెట్టెలు ఆగినచోటినుండి సాగును. కొన్ని మొదటి మెట్టునుండి తిరిగి ఆరంభించును. మరికొన్ని ఏమియు చేయక ఆజ్ఞకై నిరీక్షించును. మన పెట్టె ఏ తెగకు చెందినదో నిప్పు పెట్టుటకు ముందే తెలిసికొనవలెను. దానితో వచ్చిన పుస్తకమును చదువక అటకపై పెట్టువారి సంఖ్య తక్కువేమి కాదు.

ఇంతకన్న పెద్ద ఆపదలు రెండు కలవు. ఒక యువకుని ఊహింపుడు. పెండ్లివారికి ఇయ్యవలసిన పాత్రలను ఆవములో పేర్చుచు, తొందరలో పలక అంచుతో థర్మోకపుల్‌ను తాకించినాడు. అది జారి గోడలోనికి ముడుచుకొన్నది. ఆతడు చూడలేదు. మీట నొక్కి ఇంటికి పోయి నిదురించినాడు. గోడ నడుమ నున్న తీగకొసకు లోపలి వేడి పూర్తిగ తెలియదు. "ఇంకను చాలదు, ఇంకను చాలదు" అని పెట్టె రాత్రియంతయు విద్యుత్తు నిచ్చుచునే యున్నది. తెల్లవారి చూడగా గ్లేజు కారి పాత్రలు పలకలకు అతుకుకొన్నవి, గిన్నెలు ఒకదానిపై నొకటి వాలి కరగినవి, తీగచుట్టలు గాడులనుండి వ్రేలాడుచున్నవి. పెట్టె అబద్ధమాడలేదు. తీగ చెప్పిన మాటను విన్నది. తీగయు అబద్ధమాడలేదు, తానున్న చోటి వేడినే చెప్పినది. మరి తప్పెవరిది? అరనిమిషము వంగి చూడని కన్నుది. తీగలను తారుమారుగ బిగించినను ఇట్టి చిక్కే వచ్చును. ఆవము వేడెక్కుచుండ అంకె తగ్గుచుండును.

రెండవది ఇంకను భయంకరము. విద్యుత్తును కలుపు, విడదీయు మీటను రిలే అందురు. వేలసారులు కొట్టుకొని కొట్టుకొని ఒకనాడు దాని మొనలు అతుకుకొనిపోవును. అప్పుడు పెట్టెపై "ఆగినది" అని వెలుగుచుండును. లోపల తీగచుట్టలు ఎర్రగ మండుచునే యుండును. చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ రిలేలును చెడినపుడు తరచు కలిసియున్న స్థితిలోనే చెడును. ఇండ్లు కాలుటకు ఇది చాలును. కావున కాల్పు ముగియు గడియకు మనిషి అచట ఉండవలెను. పెట్టె ఆపినది కదా యని ఊరుకొనక, గోడనున్న పెద్దమీటను తన చేతితో దించవలెను. వేడి హద్దు మీరినచో విద్యుత్తును త్రెంచు రెండవ కాపలా యంత్రమును వేరొక థర్మోకపుల్‌తో అమర్చుట మంచిది. అదియు ఉండవలె, మనిషియు ఉండవలె.

ఇవన్నియు సరిగ నున్నను మరియొక సూక్ష్మము మిగిలియున్నది. పాత్రను పండించునది వేడి ఒక్కటియే కాదు. వేడియు కాలమును కలిసి పండించును. అందుచేతనే 1886లో జర్మనీలో హెర్మన్ సేగర్, 1896లో అమెరికాలో ఎడ్వర్డ్ ఓర్టన్ అనువారు చిన్న శంకువులను చేసిరి. అవి పాత్రల మట్టికి, గ్లేజుకు బంధువులైన పదార్థములతోనే చేయబడినవి. పాత్రల నడుమనే నిలిపినచో వాటితో పాటు కాగి, పండు వేళకు తల వంచును. 6వ సంఖ్య గల ఓర్టన్ శంకువు తుదిదశలో గంటకు 60 డిగ్రీల చొప్పున వేడి ఎక్కినపుడు 1222 డిగ్రీల దరిని వంగును. గంటకు 150 చొప్పున తొందరపెట్టినచో 1243 వరకు వంగదు. పెట్టెపై అంకె ఒకటే చూపినను లోపల పండినది ఒకటి కాదన్నమాట. పైగా కె రకపు థర్మోకపుల్ పలుమారులు కాలి ముసలిదగుకొలది ఉన్నదానికన్న తక్కువ చెప్పుట తరచు జరుగును. పెట్టె తన తప్పును తాను పట్టుకొనలేదు. శంకువు పట్టుకొనును. అది దూరమునుండి చూచి చెప్పిన సాక్షి కాదు. అదే నిప్పున నిలిచి చెప్పిన సాక్షి.

ఎరిగిన కుమ్మరులు ప్రతి కాల్పునందు మూడు శంకువులు నిలుపుదురు. కావలసిన దానికంటె ముందు వంగునది ఒకటి, సరిగ వంగవలసినది ఒకటి, వంగకూడనిది ఒకటి. నల్లని కండ్లజోడు పెట్టుకొని చూపురంధ్రమునుండి చూతురు. చల్లారిన పిమ్మట శంకువుల వంపును పెట్టె చూపిన అంకెతో పోల్చి, తేదీ వేసి, పుస్తకమున వ్రాసికొందురు. పది కాల్పుల వ్రాత ఉన్నచో తీగ ఎంత ముసలిదైనదో ఆ పుస్తకమే చెప్పును. దానికి ఎదురుగ "నిన్నటి అంకెయే నేటికి" అనువాడు తన పాత్రలను గాక తన అదృష్టమును కాల్చుచున్నాడు.

ఈ శ్రమ అంతయు ఏల? అంగడిలో పాత్ర మెరసినచో చాలదా? చాలదు. సరిగ పండని గ్లేజు ఆహారపు పులుపునకు లొంగవచ్చును. అందులోని లోహములు చింతపులుసులోనికి, మజ్జిగలోనికి దిగవచ్చును. సీసము కలిపిన గ్లేజైనచో అది విషమే. ఆహారపు పాత్రకు దానిని దరిచేరనీయరాదు. మఠమున దాసోహమునకు ఒక కుమ్మరి నూరు గిన్నెలు సమర్పించినాడనుకొనుడు. వాటిలో జంగములు, పసిపిల్లలు, దారినబోవు బీదలు అంబలి త్రాగుదురు. వారిలో ఒక్కరికిని కాల్పు సంగతి తెలియదు, అడుగరు. శంకువు వంగలేదని చూచియు, అంకె వచ్చినది కదా యని ఆ గిన్నెలను పంపువాని దాసోహమును ఏమనవలెను? ఆతడు నడిరాత్రి లేచి రంధ్రమునుండి చూచినాడో లేదో ఆతనికి, శివునికి మాత్రమే తెలియును. శరణులు కాయకమున సత్యశుద్ధి అనినది ఇచటనే పరీక్షకు వచ్చును.

కాబట్టి పెట్టె కుమ్మరి కాయకమును దొంగిలించలేదు. పుల్లలు త్రోయు శ్రమను, పొగకు కండ్లు మండు బాధను కొంత తీసికొన్నది. అది మేలే, బసవన్న భక్తులు కండ్లు చెడగొట్టుకొనుటే భక్తి అని ఎన్నడును అనలేదు. తేమ చూచు చెక్కిలి, కడ్డీని చూచు కన్ను, పెద్దమీటను దించు చేయి, పండని గిన్నెను ప్రక్కన పెట్టు మనసు - వీటిని అది అడుగనులేదు, తీసికొనను లేదు.

ఆవము 100 డిగ్రీలకు దిగువగ చల్లారువరకు మూత తీయరాదు. ముందే తీసినచో చలిగాలి తగిలి పాత్రలు టప్పున చిట్లును. ఆ ఓపిక కూడ అయిన పిమ్మట, కుమ్మరి ఒక్కొక్క పాత్రను వెలికి తీసి, అరచేతిపై నిలిపి, వ్రేలి కణుపుతో తట్టును. పెట్టెపై అంకెలప్పటికి ఆరిపోయియుండును. ఆతడు చెవి ఒగ్గి వినును.