పొయ్యి వెనక గోడ

వంటింటి టైల్స్ తుడవడంలో బలం కంటే వేళ ముఖ్యమని నా నమ్మకం. తాలింపు వేసి పొయ్యి కట్టేశాక, గోడ ఇంకా గోరువెచ్చగా ఉండగానే తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే నూనె చుక్కలన్నీ వచ్చేస్తాయి. అవే చుక్కల్ని పండగ దాకా వదిలేస్తే గోరుతో గీకినా కదలవు.

నూనె గోడమీద ఊరికే కూర్చోదు. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయి. సన్‌ఫ్లవర్ నూనె త్వరగా ఇలా బిగుసుకుంటుంది, కొబ్బరినూనె అంతగా బిగుసుకోదు. చిమ్నీ అంచున, స్విచ్‌బోర్డు చుట్టూ తేనెరంగులో పేరుకుని, దుమ్ముని పట్టుకుని ఉండే జిడ్డు చూడండి. అది ఇక నూనె కాదు, వార్నిష్ లాంటి పొర. ఇవాళ్టి పనిని వాయిదా వేస్తే రేపు కూడా అదే పని మనకోసం ఆగి ఉంటుందనుకుంటాం. ఆగదు. రేపటికి అది వేరే పనైపోతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తర్వాత జరిగేది. ఆలస్యంగా పుట్టిన శ్రద్ధ కోపంగా ఉంటుంది. స్టీలు పీచు పట్టుకుంటాం, బాత్రూమ్ యాసిడ్ తెస్తాం. టైల్ పైపూత నిజానికి పలచని గాజు పొర. దానిమీద గీతలు పడితే మురికి ఆ గీతల్లోనే చేరుతుంది. జాయింట్లలో ఉండేది సిమెంటు. యాసిడ్ దాన్ని తినేస్తుంది, నిమ్మరసం, వెనిగర్ కూడా కొద్దికొద్దిగా తింటాయి. బ్లీచింగ్‌తో యాసిడ్ కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకే ప్రమాదం. మురికి మీద కసి గోడమీద తీర్చుకోకూడదు కదా.

జాయింట్‌లోకి ఇంకిన పసుపు మరక మీద వంటసోడా నీళ్లు పోసి చూస్తే మరక పోయే బదులు ఎర్రబడుతుంది. సున్నం కలిపిన పసుపు పారాణి కావడానికీ ఇదే కారణం: క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దనక్కర్లేదు. సబ్బునీళ్లతో కడిగి వదిలేస్తే, ఎండపొడ తగిలేచోట మిగిలిన రంగు రోజులు గడిచేకొద్దీ తానే వెలిసిపోతుంది. కొన్నిటికి చెయ్యి కావాలి, కొన్నిటికి ఓపిక చాలు. ఏది దేనికో తెలుసుకోవడమే నా దృష్టిలో ఇల్లు చూసుకోవడం.

దసరాకో సంక్రాంతికో ఇల్లంతా దులిపితే వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. రోజూ రెండు నిమిషాలు గోడ తుడిచే మనిషిని ఎవరూ గమనించరు. తుడిచిన గోడ ఎప్పటిలాగే కనిపిస్తుంది, అంతే. ఆ పని ఫలితం ఏమీ జరగనట్టు ఉండటమే. చాలా ఇళ్లలో ఆ మనిషి వంట చేసిన ఇల్లాలే. ఇది అన్యాయం. నూనె చిందింది అందరి కంచాల కోసం.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, ఒక మెత్తటి గుడ్డ. బోరునీళ్లయితే చివర్లో పొడిగుడ్డతో ఒత్తాలి, లేకపోతే తెల్లటి ఉప్పు మచ్చలు కడతాయి. రేపు వంట చేసినవాళ్లు పొయ్యి కట్టేయగానే, తినబోయేవాళ్లలో ఒకరు లేచి ఆ గుడ్డ అందుకోండి.