ఇస్త్రీ చీర చెప్పని సంగతి

అమలాపురంలో అద్దె ఇంటి కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఇంటావిడ నన్ను గుమ్మంలోనే ఎగాదిగా చూసింది. గంజిపెట్టిన నేత చీర, చేతికి వాచీ, భుజాన పుస్తకాల సంచి. "రండి కూర్చోండి, లెక్చరరా అండీ?" అంటూ మంచినీళ్ళిచ్చింది. వంటగదీ, పెరట్లో కొబ్బరిచెట్లూ, నీళ్ళ మోటారూ అన్నీ చూపించింది. అద్దె మాట కుదిరాక అడిగింది, "ఇంతకీ మీరేవిట్లండి?" చెప్పాను. ఆవిడ మొహంలో కోపమేమీ కనపడలేదు. "అయ్యో, అలా కనపడరేనండీ!" అంది. మర్నాడు కబురొచ్చింది, ఇల్లు వాళ్ళ బంధువులకి కావలసి వచ్చిందని.

ఇల్లు పోయిన బాధ వారంలో తగ్గింది. "అలా కనపడరే" అన్న మాట మాత్రం వదల్లేదు. ఆవిడ దృష్టిలో అది మెచ్చుకోలే. నా డాక్టరేటుకీ నా చీరకీ కలిపి వేసిన మార్కులు. మరి నేనెలా కనపడితే నిజం చెప్పినట్టు? శుభ్రంగా, అందంగా కట్టుకోవడం కూడా ఒక రకం అబద్ధమేనా?

మా పేటలో శుభ్రత ఎవరినో చూసి నేర్చుకున్నది కాదు. వారమంతా చేలో బురదలో ఉండే మా అమ్మమ్మ ఆదివారం ప్రార్థనకి తెల్లచీర కట్టేది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తనే ఇస్త్రీ చేసుకునేది. ఆ ఒక్కపూట ఆమె ఎవరి కూలీ కాదు. రాజోలు వైపు పేటల్లోని ఎందరో ఆడవాళ్ళలాగే మా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అక్కడ ఇంకొకరి బట్టలు ఇస్త్రీ చేసి పంపిన డబ్బుతోనే నేను చదువుకున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "మాసిన బట్టతో ఊళ్ళోకెళ్ళకే." అందులో ప్రేమ ఎంతుందో భయం కూడా అంతే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ ప్రత్యేకించి స్త్రీలతో మాట్లాడారు. మీ చీరకట్టూ, మీ మెడలోనూ చేతులకూ ఉన్న బరువైన నగలూ మిమ్మల్ని అంటరానివాళ్ళుగా పట్టిస్తున్నాయి, ఆ గుర్తులు తీసెయ్యండి అని వాళ్ళకి చెప్పారు. మొదటిసారి చదివినప్పుడు నాలోని స్త్రీవాది కొంచెం నొచ్చుకుంది. మళ్ళీ ఆడవాళ్ళ బట్టల మీదేనా సంస్కరణ భారం అనిపించింది. కానీ ఆ గుర్తులు స్త్రీలు ఇష్టపడి ఎంచుకున్నవి కావు. కులం వాళ్ళ ఒంటి మీద రాసిన రాత అది. ఆ రాతని చెరిపెయ్యడం అబద్ధమెలా అవుతుంది?

యూనివర్సిటీలో ఒక స్నేహితురాలు నన్ను అడిగేది, "ఎందుకింత ముస్తాబు? మనం ఈ అలంకారాల్ని ఎప్పుడో దాటేశాం కదా!" ఆమె నలిగిన కాటన్ చీరలో సెమినార్‌కి వస్తే అందరికీ మేధావి కనిపించేది. అదే నలిగిన చీరలో నేను వెళితే పేదరికం కనిపిస్తుంది. ఒకే చీరని రెండు ఒంటిమీద రెండు రకాలుగా చదువుతారు. నిరాడంబరత కూడా ఒక ఆస్తే. అది తాతల నాటినుంచీ ఉన్నవాళ్ళకే వదులుకునే స్వేచ్ఛ ఉంటుంది.

అమెరికాలో నల్లజాతి ఉద్యోగినుల జుట్టు మీద ఇలాంటి తగవే నడిచింది. సహజంగా ఉంగరాలు తిరిగిన జుట్టు, సన్నని జడలు ఆఫీసు మర్యాదకి తగవని అనిపించుకుని, ఎందరో జుట్టుని మందులతో సాపు చేయించుకున్నారు. ఇలాంటి వివక్షని నిషేధిస్తూ 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. వాళ్ళ కథ చదువుతుంటే దగ్గరితనం కలిగింది, తేడా కూడా తెలిసింది. సాధారణంగా వాళ్ళ నలుపు దాగదు. నా కులం దాచాలనుకుంటే కొంతకాలం దాగుతుంది. దాచుకునే వీలుండటం వరంలా కనిపిస్తుంది గానీ, అది ఉచ్చు కూడా. అందుకేనేమో 2003లో గోగు శ్యామల దళిత స్త్రీల సాహిత్యాన్ని సంకలనం చేసినప్పుడు దానికి 'నల్లపొద్దు' అనే పేరు తగిలింది. తక్కువ చెయ్యడానికి వాడే రంగే అక్కడ తెల్లవారుతున్న పొద్దయింది.

కాబట్టి గుర్తు వేరు, పేరు వేరు. గుర్తు ఎదుటివాళ్ళు వేసేది, దాన్ని చెరిపే హక్కు నాకుంది. పేరు నేను చెప్పుకునేది. పేరు ఎంత బరువైనదో మా కోనసీమకి తెలుసు. 2022లో కొత్త జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతారనగానే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. చివరికి జిల్లాకి ఆ పేరు నిలిచింది. మనం ఎంత శుభ్రంగా ఉన్నా ఓర్చుకుంటారు గానీ, మన పేరు వాళ్ళ చిరునామాలో చేరితే ఓర్చుకోలేరని ఆ రోజు అర్థమైంది.

అయితే అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పి తీరాలా? లేదనే అనుకుంటాను. గది దొరకడం కోసం మౌనంగా ఉన్న ఆడపిల్లని అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాదు. అక్కడ తప్పు జవాబులో లేదు, ప్రశ్నలో ఉంది. నిజాన్ని ఆయుధంగా వాడుకునేవాళ్ళకి నేను నిజం బాకీ లేను.

మరి ఎవరికి బాకీ? ఒకరోజు క్లాసయ్యాక డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి వెనకే వచ్చింది. గొంతు తగ్గించి, "మేడమ్, మీరూ మా వాళ్ళేనంట కదండీ?" అంది. నేను జవాబు చెప్పే ముందు వరండా అటూ ఇటూ చూశాను. ఒక్క క్షణమే. ఆ పిల్ల అది చూసింది. "అవునమ్మా" అనేసరికే ఆమె మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. ఇంటావిడ మాట కన్నా ఆ క్షణం నన్ను ఎక్కువ నొప్పించింది. ఎందుకంటే అది నేను చేసిన పని.

ఎదగడమంటే హోదా, జీతం, నలుగురిలో మాట్లాడే తీరు అనుకునేదాన్ని. ఇప్పుడు నా ఎదుగుదలకి కొలత ఆ వరండాయే. చీర ఇప్పటికీ గంజిపెట్టే కడుతున్నాను, అమ్మమ్మ కోసం, నా కోసం. మర్నాడు క్లాసులో 'నల్లపొద్దు' పాఠం మొదలుపెడుతూ మా పేట పేరు చెప్పాను, మామూలు గొంతుతోనే. మూడో బెంచీలో ఆ అమ్మాయి తల ఎత్తింది.