పొర యెవరి పక్షం?

వస్తువుకు నీతి వుండదనీ, వాడేవాడికే వుంటుందనీ మనవాళ్ళు తరుచు అంటారు. కత్తి ఉదాహరణ యెటూ వుండనే వుంది. నాకు యీ వాదం సగమే నిజమనిపిస్తుంది.

నానోపోగుల పొరనే తీసుకుందాం. పాలిమర్ ద్రావణాన్ని సూదిమొననుంచి వేల వోల్టుల విద్యుత్తుతో లాగితే, వెంట్రుకలో నూరోవంతుకన్న సన్నని పోగులు పొరగా పేరుకుంటాయి. అది గాలిని పోనిచ్చి ధూళిని పట్టేస్తుంది. యిది కొత్త సంగతి కాదు. సోవియట్ దేశంలో పెత్రియానోవ్ బృందం 1930ల చివరనే యిటువంటి వడపోత గుడ్డ తయారుచేసింది. దానితో చేసిన 'లెపెస్తోక్' మాస్కులు 1986లో చెర్నోబిల్‌లో పనిచేసినవారి ముక్కులమీద వున్నాయి. కొత్తది మరొకటి: పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ వంటిదానితో పోగు తీస్తే, నొక్కినా వంచినా విద్యుత్తు పుడుతుంది. కనుక ముక్కుకు కట్టిన పొరే వూపిరి లెక్కపెడుతుంది, మణికట్టుకు చుట్టిన పొర నాడి చూస్తుంది. దీన్ని బహుప్రయోజనకరం అంటున్నారు. ప్రయోజనం యెవరికి?

తార్నాకనుంచి ఉప్పల్ పోయే రోడ్డుమీద భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వుంది. నీటిని వడబోసే పొరలమీద అక్కడ యేళ్ళుగా పని జరుగుతున్నది. అక్కడికి దగ్గరలోనే నాచారం పారిశ్రామికవాడ. నా క్లాసులో కూచునే పిల్లల తండ్రులు కొందరు ఆ వాడలో కాంట్రాక్టు కూలీలు. రంగుపొడి, ద్రావకాల ఆవిరి మధ్య రుమాలు కట్టుకుని షిఫ్టు చేస్తారు. వాళ్ళకు మంచి పొర వద్దనేవాడు మనిషి కాడు. అయితే 2025దాకా అమల్లో వుండిన 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్, దుమ్మును అది పుట్టేచోటికి వీలైనంత దగ్గరలోనే లాగివేయాలన్నది. అంటే ముందు యంత్రానికి మాస్కు కట్టమన్నది! మనిషికి కట్టటం చవక మరి.

వడపోతవల్ల లాభం తొడుక్కున్నవాడిదే. వూపిరితిత్తుల్ని యెవరూ అరువివ్వలేరు. నాడి లెక్క సంగతి అలా కాదు. అది ఫోనులోకి, అక్కడినుంచి సూపర్‌వైజరు బల్లమీదికి పోగలదు. అది కూలీకి ముందు హెచ్చరిక కావచ్చు, రేపటినుంచి రావద్దనటానికి సాకూ కావచ్చు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 7వ సెక్షన్, సమ్మతి అడగనక్కర్లేని సందర్భాల్లో ఉద్యోగ అవసరాల్నీ, యజమానిని నష్టంనుంచి, బాధ్యతనుంచి కాపాడటాన్నీ చేర్చింది. నాడి ఒకరిది, నష్టం మరొకరిది!

పాలీఎనిలిన్‌తో తీసిన పోగుకు అమ్మోనియా తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. అటువంటి పొరను కూలీ వొంటికి కాక షెడ్డు గోడకు తగిలించవచ్చు. వచ్చిన అంకెల్ని గేటు దగ్గర పలకమీద రాయవచ్చు. షిఫ్టు దిగేవాళ్ళూ యెక్కేవాళ్ళూ అక్కడ నిలబడి చదువుకుంటారు.