వంట ఎప్పుడు పూర్తయినట్టు?



ఒక చిన్న ప్రశ్న. ఇంట్లో వంట ఎప్పుడు పూర్తయినట్టు? పొయ్యి ఆర్పినప్పుడా? అందరూ తిని చేతులు కడుక్కున్నప్పుడా? ఇదీ ఒక ప్రశ్నేనా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ అలా నవ్వుకున్నవాడినే.

ఒక ఆదివారం పూజ నుండి వచ్చాక, ఈ రోజు వంట నాదేనని ఇంట్లో ప్రకటించాను. పొట్టేలు కూర, రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి చేశాను. పిల్లలు మెచ్చుకున్నారు, వచ్చిన బంధువులు మెచ్చుకున్నారు. నేను పోయి పడుకున్నాను. మూడు గంటలకు గీకుతున్న శబ్దానికి మెలకువ వచ్చింది. నా భార్య కూర్చుని, ఎండి రాయిలా అయిపోయిన సంగటి సట్టిని తోముతోంది. గడప దగ్గర కూర్చున్న మా అమ్మ నన్ను చూసి, "వంట నేనే చేసినా అంటివే నాయనా, ఈ బోకులెవురు తోమాల?" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఒకరు వండితే ఇంకొకరు తోముతారు, ఇది పని పంచుకోవడమే కదా అని మనం సమర్థించుకోవచ్చు. నిజమే, ముందుగా మాట్లాడుకుని ఒప్పుకుంటే అది పంపకమే. కాని ఆమె వండిన ఆరు రోజులూ తోమింది ఎవరు? ఆమే. నేను వండిన ఒక్క రోజు తోమింది ఎవరు? అదీ ఆమే. దీన్ని పంపకం అనలేము. మెప్పు వచ్చే పని నేను తీసుకుని, ఎవరి కంటా పడని పని ఆమెకు వదిలేశాను.

పైగా మనది నీళ్ల విలువ తెలిసిన సీమ. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అది కూడా వేళకు వస్తేనే. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. సట్టి ఖాళీ కాగానే చెంబెడు నీళ్లు పోసి ఉంచితే సంగటి దానంతటదే వదులుతుంది. మధ్యాహ్నం దాకా ఎండబెడితే నీళ్లూ ఎక్కువే, రెక్కల కష్టమూ ఎక్కువే. నా సోమరితనానికి ఖరీదు నేను చెల్లించలేదు. నా భార్య భుజం, ఇంట్లోని బిందె చెల్లించాయి.

మన అవ్వలకు ఇవన్నీ తెలుసు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి కుడితి తొట్టిలోకి పోయేవి, పశువులు తాగేవి. బూడిదలోని క్షారం జిడ్డును విడదీస్తుంది. చింతపండులోని పులుపు ఇత్తడి మీది మరకను తీస్తుంది. వారు పేదరికం వల్ల మాత్రమే అలా చేశారనుకోవద్దు. అందులో తెలివి ఉంది, రేపటి మనిషి మీద శ్రద్ధ ఉంది. పచ్చి మాంసం కోసిన కత్తిని, పలకను వెంటనే కడగడం కూడా అలాంటి శ్రద్ధే. అనువైన వేడి, తడి దొరికితే కొన్ని సూక్ష్మజీవులు సుమారు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. మన మే నెల ఎండలో వాటికి కొదవేముంది?

"పనిమనిషి వస్తుందిలే" అనే ఇళ్లూ ఉన్నాయి. ఆమె శ్రమకు మనం జీతం ఇస్తాము, మంచిదే. కాని ఎముకలు, మెతుకులు తీయకుండా పళ్లేలను ఆమె ముందుకు తోసే హక్కును ఆ జీతం మనకు ఇవ్వదు. మన సమాజంలో ఎంగిలిని ముట్టుకునే చేతులు తరతరాలుగా ఎవరివి? ఆడవారివి, పేదలవి. మన ఎంగిలి మనకే అసహ్యమైతే, అది వారికి మాత్రం ఎందుకు కాకూడదు?

కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించారు. హృదయశుద్ధి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ వేమన వంటపాత్రనే ఉపమానంగా తీసుకున్నాడు. యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఐదువేలమంది తిన్న తర్వాత మిగిలిన ముక్కలను ఏరి 12 గంపలకు ఎత్తింది సేవకులు కాదు, శిష్యులే. మన గుడిలోనూ సత్ప్రసాదం పంచిన గురువులు ఆ పాత్రలను తమ చేతులతోనే శుభ్రం చేయడం మనం చూస్తూనే ఉన్నాము. పీఠం దగ్గర గొప్పవారికి తక్కువ కాని పని, మన వంటింట్లో మగవారికి ఎలా తక్కువవుతుంది?

మరుసటి ఆదివారం మళ్లీ నేనే వండాను. ఈసారి సట్టిలో వెంటనే నీళ్లు పోశాను, తిన్నాక తోమాను, బోర్లించాను. మెచ్చుకున్నవారు ఎవరూ లేరు. అమ్మ ఒకసారి వంటింట్లోకి తొంగి చూసి, "ఇప్పుడయింది వంట" అని జపమాల తీసుకుని పోయింది.

ఈ రాత్రి మీ ఇంట్లో చివరి గిన్నె ఎవరు బోర్లిస్తారో ఒక్కసారి చూడండి. రోజూ అదే చేయి అయితే, రేపు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వండి. మీ కొడుకులకు కూడా ఆ పని నేర్పండి.