పదహారో సైకిలు

జర్మనీ రోడ్డు నిబంధనల్లో 27వ సెక్షన్ ఒక చిత్రమైన లెక్క చెబుతుంది. పదిహేను మంది సైకిళ్ళ మీద కలిసి వెళ్తుంటే వాళ్ళు పదిహేను మందే. పదహారో మనిషి చేరితే అందరూ కలిసి ఒకే బృందం కావచ్చు. ఇద్దరిద్దరుగా పక్కపక్కన తొక్కవచ్చు. ముందువాళ్ళు పచ్చలైటులో కూడలి దాటుతుండగా ఎర్రలైటు పడినా వెనకవాళ్ళు వాళ్ళ వెంటే పోవచ్చు. గుంపంతా ఒక పొడవాటి బండి కింద లెక్క. ఫ్లోరిడాలో 2021 నుంచి ఇలాంటిదే ఇంకోటి: స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగాక పదిమంది దాకా ఒక జట్టుగా దాటొచ్చు, ఆ జట్టు పోయేదాకా కార్లు కదలకూడదు.

ఎన్ని గింజలైతే కుప్ప అవుతుందన్న పాత గ్రీకు చిక్కుముడి గుర్తొస్తుంది. చట్టానికి అంత తీరిక లేదు, ఏదో ఒక అంకె వేసి ముందుకు పోయింది. దాంతో నాకు పేచీ లేదు. గుంపు మధ్యలోకి కారు దూరడం కన్నా గుంపంతా ఒకేసారి దాటిపోవడమే నయం.

నన్ను తొలిచేది లోపలి సంగతి. బయట చూసేవాడికి ఒకే బండి, లోపల మాత్రం పదహారు జతల బ్రేకులు. ముందు చక్రానికి మూరెడు దూరంలో తొక్కితే ఎదురుగాలి తగ్గుతుంది, అదే వేగానికి శ్రమ బాగా తగ్గుతుంది. బదులుగా కళ్ళు అప్పజెప్పాలి. వెనకవాడికి కనిపించేది ఎదుటివాడి వీపే. రోడ్డు గురించి అతనికి తెలిసిందంతా వినికిడి. గుంత వస్తే ముందువాడు చేత్తో చూపిస్తాడు, ఆ సైగ ఒక్కొక్క చేతి మీదుగా చివరిదాకా పాకుతుంది. కూడలి వస్తే "క్లియర్!" అని అరుస్తాడు.

ఈ రెండూ ఒకే జాతి మాటల్లా వినిపిస్తాయి కానీ కావు. గుంత ఎక్కడికీ పోదు. పదహారో మనిషి వచ్చేసరికి కూడా అక్కడే ఉంటుంది. "క్లియర్" అన్నది అన్నవాడికే, అన్న క్షణానికే నిజం. ఒకే వరసలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చివరివాడు అదే చోటికి చేరేసరికి సుమారు నాలుగు సెకన్లు. 60 మీద వచ్చే కారు ఆలోపు 66 మీటర్లు వచ్చేస్తుంది. మా వృత్తి భాషలో ఇది కాష్‌లో మిగిలిపోయిన పాత విలువ.

అలాగని ఎవరికి వారు తలెత్తి చూసి నిర్ణయించుకోండి అనడం కూడా తేలిక కాదు. మూడోవాడికి అనుమానం వచ్చి బ్రేకు నొక్కితే వెనక పదముగ్గురు అతని మీద పడతారు. అంత దగ్గరగా తొక్కేచోట సొంత బుద్ధి వాడటం పక్కవాడికి ప్రమాదం. గుంపును నడిపేవాడే నియమాలు పాటింపజేయాలని జర్మన్ చట్టం అంటుంది. సరే, కానీ వెనకవాడి తరఫున రోడ్డును చూసే శక్తిని ఏ చట్టమూ అతనికి ఇవ్వలేదు. అతను ఇవ్వగలిగింది సమయం ఒక్కటే: కూడలికి ముందే వేగం తగ్గించి, చక్రాల మధ్య దూరం పెంచి, ఎవరి కళ్ళు వాళ్ళకు తిరిగిచ్చెయ్యడం.

పదహారు మందిని ఒక బండిగా లెక్కేసే నియమం మనకు లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో సైకిలు మోటారు వాహనం కూడా కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది గానీ, అక్కడిదాకా వెళ్ళే రోడ్డు మామూలు రోడ్డే. నేను తొక్కే గుంపులో ఈమధ్య "క్లియర్" మానేసి "స్లో" అంటున్నారు. సగటు వేగం పడిపోతుంది, యాప్‌లో అంకె చెడుతుంది. అందుకే కొందరు రావడం మానేశారు.